ఒకే పాలు, మూడు చిక్కదనాలు: ఇంట్లో జిగర్తండా

కత్తిరి ఎండలు మొదలయ్యాయంటే చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో కూడా మదురై చల్లటి పాల పానీయం జిగర్తండా ప్రయోగాలు మొదలవుతాయి. ఇంచుమించు మే 4 నుంచి 28 దాకా ఉండే ఆ రోజుల్ని ఇక్కడివాళ్లు కత్తిరి అంటారు, మన పంచాంగంలో అదే కర్తరి. అప్పుడు నాటుమందుల కొట్లలో బాదం పిసిన్, అంటే బాదం బంక పొట్లాలు కనిపించేలా పైకొస్తాయి, సూపర్ మార్కెట్లో నన్నారి (సుగంధిపాల) సిరప్ సీసాలు ముందు వరసకి జరుగుతాయి. రెండూ కొనుక్కొచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న పాలలో కలిపి, పైన ఒక స్కూపు వెనీలా ఐస్‌క్రీమ్ పడేస్తే పనైపోయిందనుకుంటాం. తాగి చూస్తే జెల్లీ ముక్కలేసిన రోజ్‌మిల్క్‌లా ఉంటుంది. బాగోదని కాదు, పిల్లలు ఇష్టంగానే తాగేస్తారు. కానీ మదురైలో విళక్కుత్తూణ్ దీపస్తంభం దగ్గర నిలబడి తాగినదానికీ దీనికీ చుట్టరికం కూడా ఉండదు.

అలాంటప్పుడు అందరి అనుమానమూ ముందు పిసిన్ మీదకే పోతుంది. నకిలీది ఇచ్చాడేమో, సరిగ్గా నానలేదేమో అని. నానకపోతే ఇబ్బందే, నిజమే. కానీ పిసిన్‌కి రుచి లేదు, వాసన లేదు. నాలుక మీద జారిపోవడం ఒక్కటే దాని పని. రుచి కుదరలేదంటే తప్పు పాలలో వెతకాలి.

గ్లాసులో ఉండేవి ఐదు: చల్లటి పాలు, బాసుంది, ఐస్‌క్రీమ్, నానబెట్టిన పిసిన్, నన్నారి సిరప్. ఇందులో మొదటి మూడూ ఒకే పాలు. కాచడం ఎక్కడ ఆపామన్నదాన్ని బట్టి పేరు మారుతుంది, అంతే. పలుచగా ఉండగా తీస్తే తాగే పాలు, సగానికి వచ్చాక తీస్తే ఐస్‌క్రీమ్‌కి, ఇంకా మరిగితే బాసుంది. గుటక వేసినప్పుడు ఈ మూడు చిక్కదనాలూ ఒకదాని వెనక ఒకటి తగలాలి. ఇలా కాచి చిక్కబరచని ప్యాకెట్ పాలలో కొన్న వెనీలా వేస్తే ఆ వరస రాదు, ఎందుకంటే రెండిటి రుచులకీ సంబంధం లేదు.

కొంచెం లెక్క చూద్దాం. ఫుల్‌క్రీమ్ పాలలో నిబంధనల ప్రకారం కనీసం 6 శాతం వెన్న, 9 శాతం వెన్న కాని ఘనపదార్థం ఉండాలి. చెన్నైలో దొరికే ఆవిన్ (తమిళనాడు సహకార డెయిరీ) ఆరెంజ్ ప్యాకెట్ అదే. అంటే లీటరు పాలలో అసలు సరుకు ఇంచుమించు 150 గ్రాములు, మిగతాదంతా నీళ్లు. సగానికి కాస్తే ఆ సరుకు 30 శాతం దాకా, మూడో వంతుకి కాస్తే 45 శాతం దాకా వస్తుంది. నీలం ప్యాకెట్ టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే. దాన్ని సగానికి కాచినా, సగానికి కాచిన ఆరెంజ్ ప్యాకెట్ పాల చిక్కదనం రాదు, గ్యాస్ మాత్రం అంతే ఖర్చవుతుంది. పాల దగ్గర పొదుపు చేయాలనుకుంటే ఈ పానీయం జోలికి పోకపోవడమే మంచిది.

ఆరు గ్లాసులకి 2 లీటర్ల పాలు పడతాయి. అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. నీరు ఆవిరయ్యేది పైభాగం నుంచే కాబట్టి లోతు గిన్నెలో కంటే వెడల్పు గిన్నెలో త్వరగా చిక్కబడతాయి. పొంగొచ్చాక మంట తగ్గించి, 2 లీటర్లు ఒకటీ ముప్పావుకి వచ్చేదాకా మరగనిచ్చి, 600 మిల్లీలీటర్లు తీసి పక్కన పెట్టండి. ఇవి తాగే పాలు. ఇందులో చక్కెర ఒకటి రెండు చెంచాలు మించి వద్దు, మిగతా తీపి సిరప్ నుంచీ ఐస్‌క్రీమ్ నుంచీ వస్తుంది. గిన్నెలో మిగిలినవి సగానికి, అంటే ఇంచుమించు 550 మిల్లీలీటర్లకి దిగాక, అందులో 350 ఐస్‌క్రీమ్ కోసం తీసేయండి. చివరి 200 సన్నటి సెగ మీద ఒక టీకప్పు మిగిలేదాకా ఉంచితే బాసుంది.

ఇదంతా గంట పైనే పడుతుంది. ఆ గంటలో గిన్నె దగ్గర ఏం జరుగుతోందో చూస్తూ ఉండటమే అసలు వంట. పైన పల్చటి మీగడ పొర కడుతుంది. దాన్ని పాలలో కలిపేయకుండా గరిటె వీపుతో మెల్లగా అంచుకి నెట్టాలి. అంచున అది ఆరి, గిన్నె గోడకి అతుక్కుని, లేత గోధుమ రంగుకి తిరుగుతుంది. ఐదారు నిమిషాలకోసారి దాన్ని అట్లకాడతో గీకి లోపలికి వేయాలి. ఇలా పొర మీద పొర చేరి, చివరికి బాసుందిలో పళ్లకి తగిలే మెత్తటి ముక్కలవుతాయి. ఈ గీకుడు బద్ధకించినవాళ్ల బాసుంది చిక్కగా ఉండొచ్చు గానీ నున్నగా, జిగురుగా, కస్టర్డ్‌లా తయారవుతుంది.

పాలు కాగేకొద్దీ ఆ తేనెరంగు ఎందుకొస్తుంది? పాలలోని చక్కెర, ప్రోటీన్ సెగకి ఒకదానితో ఒకటి కలిసి కొత్త రంగునీ కొత్త వాసననీ పుట్టిస్తాయి. దానికి టైము కావాలి. అందుకే అడ్డదారులేవీ సరిగ్గా కుదరవు. పాలపొడి కలిపితే చిక్కదనం వస్తుంది, కాగిన వాసన రాదు. కండెన్స్‌డ్ మిల్క్‌లో 40 శాతం పైగా చక్కెరే, కాబట్టి పాలు చిక్కబడేలోపే తీపి మొహం మొత్తుతుంది. కార్న్‌ఫ్లోర్ వేస్తే పాలు గంజిలా మారతాయి, చల్లారాక ఆ పిండి రుచి దాగదు. మరీ తొందరలో ఉంటే పాలపొడి ఒక్కటే కొంత నయం, అది కూడా కాగుతున్న పాలలో కలిపి కాసేపైనా మరగనిస్తేనే.

మదురై ఐస్‌క్రీమ్‌కి ఉండే గోధుమ రంగు మాత్రం పాలు కాచడంతో ఒక్కటే రాదు. పాలు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, చక్కెర మాడి రంగు తిరగాలంటే 160 డిగ్రీలు దాటాలి. కాబట్టి చక్కెరని విడిగా కరిగించాలి. 350 మిల్లీలీటర్ల పాలకి 60 గ్రాముల చక్కెర లెక్కేసుకుని, అందులో సగం పొడి మూకుడులో వేసి సన్న సెగ మీద పెట్టండి. ముందు అంచులు తడిసినట్టవుతాయి, తర్వాత కరుగుతుంది, ఆ తర్వాత పల్చటి టీ డికాక్షన్ రంగు వస్తుంది. అక్కడే ఆపి, వేడి పాలు కొద్దికొద్దిగా పోయాలి. చల్లటి పాలు పోస్తే చక్కెర గడ్డకట్టుకుపోతుంది. వేడివి పోసినా బుస్సున పైకి లేస్తుంది కాబట్టి మొహం దూరంగా పెట్టండి, పిల్లల్ని వంటింట్లోంచి పంపేయండి. రంగు ముదిరి పొగ వచ్చిందంటే చేదెక్కినట్టే, ఆ చక్కెర పారేసి మళ్లీ మొదలుపెట్టడమే. 30 గ్రాముల చక్కెర కోసం అన్ని పాలు పాడుచేసుకోవడం దండగ. మిగిలిన సగం చక్కెర మామూలుగా వేసి కలిపేయండి.

గడ్డకట్టించడంలో ఇంటి ఫ్రీజర్‌కి ఒక ఇబ్బంది ఉంది. అది మైనస్ 18 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, కానీ పెట్టిన డబ్బాని మెల్లగా చల్లబరుస్తుంది. మెల్లగా గడ్డకట్టిన నీళ్లు పెద్ద స్ఫటికాలవుతాయి, తింటే కరకరమంటాయి. పాతకాలపు ఐస్‌క్రీమ్ పీపాల్లో చుట్టూ ఐసు, ఉప్పు వేసి లోపల డబ్బాని తిప్పేవారు. ఉప్పు కలిసిన ఐసు మైనస్ 21 దాకా దిగగలదు, పైగా తిప్పుతూ ఉండటంతో స్ఫటికాలు పెరిగే సందుండదు. ఆ తిప్పుడికి మన దగ్గర ఉన్న బదులు మిక్సీ. పాలని రాత్రంతా ఫ్రిజ్‌లో చల్లారనిచ్చి, పొద్దున్నే లోతు లేని స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. అంచులు గట్టిపడి మధ్యలో ఇంకా జారుగా ఉండగా తీసి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి మళ్లీ పెట్టండి. ఇంకోసారి అలాగే చేస్తే చాలు. కొంచెం రవ్వ రవ్వగా ఉంటుంది, ఉండాలి కూడా. జిగర్తండాలో ఐస్‌క్రీమ్ నున్నగా ఉండాలని ఎవరూ అనలేదు.

ఇక్కడే ఇంకో తికమక. సగానికి కాచిన పాలే ఇంత బాగుంటే, బాసుందినే గడ్డకట్టిస్తే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. ఉండదు. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, నీళ్లలో సులువుగా కరగదు. పాలు మరీ చిక్కబడితే దానికి సరిపడా నీరు మిగలదు, గడ్డకట్టించాక విడిపోయి ఇసుకలా నాలుకకి తగులుతుంది. సగం దాకా కాచినవాటిలో కూడా వారం పది రోజులు నిలవుంచితే ఇదే జరగొచ్చు. రెండు మూడు రోజుల్లో తినేయండి. మధ్యలో కరెంటు పోయి పూర్తిగా కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించకుండా పారేయడమే మేలు.

ఇక పిసిన్ సంగతి. రుచి లేదన్నాను గానీ, దీని చుట్టూ ఉన్నంత గందరగోళం ఇంకే సరుకు చుట్టూ లేదు. కొట్టులో బంక అడిగితే కొందరు వెంటనే పొట్లం కట్టరు, "లడ్డుకా, పాలకా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగే కొట్టుకే మళ్లీ వెళ్లండి.

ఎందుకంటే లడ్డులో వేసే గోంద్ తుమ్మ జాతి చెట్ల బంక. చిన్నప్పుడు కాగితాలు అతికించిన తుమ్మబంక దాని వంశమే. అది నీళ్లలో కరిగిపోతుంది. నెయ్యిలో వేయిస్తే పేలాల్లా పొంగుతుంది కాబట్టి లడ్డుకి పనికొస్తుంది, రాత్రంతా నానబెడితే పొద్దున్నకి జిగురు నీళ్లే మిగులుతాయి. బాదం పిసిన్ అలా కాదు. అది బాదం చెట్టు కాండం మీద గాటు పడ్డచోట ఊరి గట్టిపడిన బంక, కరగకుండా నీటిని పీల్చి ఉబ్బుతుంది. బాదం, పీచ్, ఆప్రికాట్, ప్లమ్ అన్నీ ఒకే కుటుంబం, అన్నిటికీ ఈ బంక ఊరుతుంది. చైనాలో పీచ్ బంకని ఇలాగే రాత్రంతా నానబెట్టి తీపి వంటకాల్లో వేసుకుంటారు. అన్నట్టు, మన వీధుల్లో పెద్దపెద్ద ఆకులు ఎర్రబడి రాలే బాదం చెట్టుకీ ఈ బాదానికీ సంబంధం లేదు, అది వేరే జాతి.

మూడోది గోంద్ కటీరా. ఉత్తరాది షర్బత్‌లలో వేసేది ఇదే. ఇదీ ఉబ్బుతుంది, అందుకే చాలామంది రెండూ ఒకటే అంటారు. పేరున్న కటీరా పశ్చిమాసియా కొండల్లోని ముళ్ల పొదల నుంచి వస్తుంది. కానీ మన దేశపు బజారులో కటీరా అనే మాటకి హద్దు లేదు. కొండగోగు చెట్టు బంక, తపసి చెట్టు బంక కూడా ఆ పేరుతో అమ్ముడవుతాయి. ఈ రెండూ మన అడవుల సరుకులే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొనే అటవీ ఉత్పత్తుల్లో తపసి బంక ముఖ్యమైనది. ప్రపంచంలో దాన్ని కరాయా గమ్ అంటారు. కట్టుడు పళ్లు అతికించే పొడుల్లో, విరేచనం సాఫీగా అయ్యే మందుల్లో వాడతారు.

తినడానికి వీటిలో ఏదీ విషం కాదు. తేడా గ్లాసులో తెలుస్తుంది. బాదం పిసిన్ తేనెరంగు గులకరాళ్లలా వస్తుంది, నానాక దాదాపు పారదర్శకంగా, ముక్క ముక్కగా నిలుస్తుంది. కటీరా తెల్లటి, పసుపు తెలుపు రేకుల్లా ఉండి, నానాక మేఘంలా మసకగా, మెత్తగా అవుతుంది. కరాయాకి ఇంకో గుర్తు ఉంది: నిలవ ఉన్నదైతే పొట్లం విప్పగానే సన్నగా వెనిగర్ వాసన కొడుతుంది. అది పాలలో వేసేది కాదు.

నానబెట్టడం సులువే. ఆరు గ్లాసులకి 10 గ్రాములు చాలు. పెచ్చులు, ఇసుక పోయేలా రెండుసార్లు కడిగి, పెద్ద గిన్నెలో కనీసం అర లీటరు మంచినీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. చిన్న గిన్నె వద్దు, పొద్దున్నకి అది పొంగి మూత నెట్టేస్తుంది. పంచదార నీళ్లలోనో పాలలోనో నానబెడితే టైము కలిసొస్తుందనుకోకండి. చక్కెర తన వంతు నీటిని తనే పట్టుకుంటుంది, పిసిన్ సగమే ఉబ్బుతుంది. ఉత్త నీళ్లలో నానాకే వడగట్టి, మధ్యలో తగిలే చెక్క నలకలు ఏరేసి, వడ్డించే అరగంట ముందు రెండు చెంచాల సిరప్‌లో కలిపి పెట్టండి. ఒక ముక్కని వేళ్ల మధ్య నలిపి చూడండి. లోపల గట్టి పలుకు తగిలితే ఇంకో రెండు గంటలు కావాలి. ఇది రుచి గురించిన జాగ్రత్త మాత్రమే కాదు. సరిగ్గా నానని బంక గొంతులోనో కడుపులోనో ఉబ్బడం ప్రమాదం. అందుకే పొడిగా నోట్లో వేసుకోకూడదు, మందు బిళ్లలు వేసుకునే సమయంలోనే తాగకూడదు.

పిసిన్ దొరకకపోతే కడల్ పాసి, అంటే చైనా గ్రాస్ వాడొచ్చు. మన్నారు సింధుశాఖలో రామనాథపురం తీరాన ఆడవాళ్లు నీళ్లలో మునిగి ఏరే సముద్రపు పాచి నుంచి కూడా ఈ సరుకు తయారవుతుంది. 85 డిగ్రీల దగ్గర గానీ కరగదు, 40 డిగ్రీల లోపే గట్టిపడుతుంది. చెన్నై ఎండకి ఇది బల్ల మీద కూడా కరగదు. జిలటిన్ ఆ ఎండకి నిలవదు.

నన్నారి మన వాళ్లకి కొత్త కాదు. రాయలసీమలో వేసవంటే నన్నారి షర్బతే. సుగంధిపాల వేరు అది. వేరు తుంచి వాసన చూస్తే వెనీలా గుర్తొస్తుంది, దానికి కారణం ఉంది. ఆ వేరులో వాసన ఇచ్చే పదార్థం వెనీలాలోని వెనిలిన్‌కి జంట లాంటిది: రెండిటిలోనూ అవే పరమాణువులు, అమరికే వేరు. ఆ వాసన ఉన్నది వేరు పైపట్టలో. లోపలి తెల్లటి కర్రలో ఏమీ ఉండదు. అందుకే వేరుని కడిగి, రోట్లో దంచి, మధ్య పుల్ల లాగేసి, పట్టని మాత్రమే వేడినీళ్లలో రాత్రంతా వదిలేస్తారు. గంటల తరబడి మరిగిస్తే వాసన వంటింట్లో మిగులుతుంది, సీసాలో మిగలదు. మైలాపూర్ కచ్చేరి రోడ్డులో డబ్బా చెట్టి కడై లాంటి పాత కొట్లలో వేరు దొరుకుతుంది.

కొన్న సిరప్‌తో వచ్చే ఇబ్బంది వేరు. నన్నారి సిరప్‌లు సాధారణంగా నిమ్మరసం, సోడా కలుపుకుని తాగేలా చేస్తారు. చక్కెర గడ్డకట్టకుండా, నిలవ ఉండేలా వాటిలో సిట్రిక్ యాసిడ్ వేస్తారు. పాల ప్రోటీన్ పులుపు ఒక స్థాయి దాటితే విరిగిపోతుంది. పాలు వేడిగా ఉంటే చాలా కొంచెం పులుపుకే విరుగుతాయి, చల్లగా ఉంటే కాస్త ఓర్చుకుంటాయి. అందుకే గోరువెచ్చటి పాలలో సిరప్ పోసినవాళ్లకి గ్లాసులో తెల్లటి తునకలు తేలతాయి. పాలు ఫ్రిజ్ చల్లదనానికి దిగాకే, గ్లాసుకి ఒకటిన్నర చెంచా మించకుండా పోయండి. ఇంట్లో వేరు నుంచి చేసుకుంటే నిమ్మకాయ వేయకండి, చక్కెర పాకం పల్చగానే ఉంచి వారం రోజుల్లో వాడేయండి.

కలపడంలో పెద్ద విద్యేమీ లేదు. పొడుగు గ్లాసు అడుగున రెండు మూడు చెంచాల పిసిన్, దాని మీద సిరప్, మెల్లగా 100 మిల్లీలీటర్ల పాలు, పైన చెంచాడు బాసుంది, దాని మీద ఐస్‌క్రీమ్. ఐసు ముక్కలు వేయకండి. గంట సేపు ఆవిరి చేసి తీసేసిన నీటిని మళ్లీ గ్లాసులో పోయడం ఏం తెలివి? చల్లదనం కావాలంటే గ్లాసుల్ని పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. సబ్జా గింజలు, టూటీఫ్రూటీ, జెల్లీ వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లిష్టం, కానీ అది ఫలూదా వైపు నడిచినట్టే.

ఒంటికి చలవ చేస్తుందన్న మాట గురించి కూడా చెప్పాలి. సిద్ధ, ఆయుర్వేద వైద్యాల్లో నన్నారికి ఆ పేరుంది. పిసిన్‌లో ఉన్నది ప్రధానంగా పీచు, దానికి పేగుల్లో పని ఉంది. కానీ ఒక గ్లాసు జిగర్తండాలో సిరప్, ఐస్‌క్రీమ్ కలిపి 25 గ్రాములకి తక్కువ కాకుండా పంచదార దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తంలో ఇంతకు మించకపోతే మంచిదని చెప్పే మోతాదు ఇంచుమించు అదే. షుగర్ ఉన్నవాళ్లకి "చలవ, ఏం కాదు" అని బలవంతం చేయడం అన్యాయం. ఎండన పడి వచ్చినవాళ్ల దాహం తీరాలంటే ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. ఇది భోజనమయ్యాక, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తాగే స్వీటు.

నానబెట్టిన పిసిన్ ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది. నీళ్లతో సహా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది. మర్నాడు దాన్ని నన్నారి, నిమ్మరసం, సోడాలో వేసుకోండి. అందులో పాలు లేవు కాబట్టి కొన్న సిరప్ ఎంత పుల్లగా ఉన్నా విరుగుతాయన్న టెన్షన్ లేదు.